పాత వరస చప్పుడు

ఆదోని జిన్నింగు మిల్లులో రెండు వరసల మిషన్లలో కొత్త వరస ఆగిపోయింది. గేటు బయట పత్తి లారీలు హారన్లు కొడుతుంటే, స్టోరు చూసే అయ్యన్నకు కాలు ఒకచోట నిలవడం లేదు. యజమాని కొడుకు గిరిధర్ కంప్యూటర్ మీద నుంచి తల ఎత్తలేదు.

"రోలర్లు మళ్ళా పోయినాయా? నెల కూడా కాలేదు కదా, అయ్యన్నా!"

"పోయినాయి సార్. ఎమ్మిగనూరులో రోలర్లు చేసే మస్తాన్ సాబుతో తెప్పిద్దాం."

"సాఫ్ట్‌వేర్‌లో ఆయన పేరే లేదు. మంచి సప్లయర్లలో మొదటి పేరు కొత్త వరసకు రోలర్లు ఇచ్చే కంపెనీదే. ఏడాదిలో పదకొండు ఆర్డర్లు!"

"పదకొండు సార్లు సెడిపోతే పదకొండు సార్లు కొంటిమి సార్."

"సాబు పేరు ఎవరు తీసేసినారు?"



"నేనే సార్. రెండేండ్లుగా ఆర్డరు లేనోళ్ళను తీసేయాలా అని ఆ సాఫ్ట్‌వేరే అడిగింది. టిక్కు పెట్టినా."

"రెండేండ్లు ఆయన దగ్గర ఎందుకు కొనలేదు?"

"ఆయన రోలర్లు అరిగితే కదా సార్ కొనేది! పాత వరసంతా ఆయనవే."

"ఫోన్ చెయ్యి. ఇప్పుడే."

"పొద్దున్నే చేసినా. పేరు తీసేసినట్టు ఆయనకు మెసేజ్ పోయిన దినమే ఈడికి వచ్చినాడంట."

"లోపలికి రాలేదే?"

"తన సరుకులో తప్పేమొచ్చిందోనని గేటు కాడ నిలబడి పాత వరస చప్పుడు విన్నాడంట సార్. బాగానే తిరుగుతాండాయని ఎనక్కి పోయినాడంట."

గిరిధర్ అప్పుడు తల ఎత్తాడు. పాత వరస తిరుగుతూనే ఉంది.