ఆటో దిగేలోపు

గుంటూరు ఆస్పత్రి నుంచి తిరిగొస్తూ గొర్రెల కాపరి పోలయ్య, అతని కూతురు సుజాత మార్కాపురంలో ఆటో ఎక్కారు. వాళ్ళ ఊరు పెద్దారవీడు ఇంకా దూరం. తండ్రి తల కూతురి ఒడిలో ఉంది.

"...డాక్టరు ఏమన్నాడో చెప్పు మే, దాటేయకుండా."

"చెప్పినా గదా నాయనా. కోత లేదు, కుట్లు లేవు. వీపులో సూది దించి, నలిగిన పూసలోకి సిమెంటు ఎక్కిస్తారంట. నొప్పి తగ్గుతదంట."

"గోడకు ఏసే సిమెంటేనా?"

"అదేదో వేరే సిమెంటు. నవ్వకు, కదిలితే నొప్పి."

"అది ఏసినంక కూచోగలనా?"

"కూచునేదేంది, మంద ఎమ్మట నల్లమలకే పోతావు!"

"నడిచేది అడగలేదు. కూచునేది అడిగినా."

"కూచుంటావు. మర్నాడే."

"మరి ఎయ్యకుండా ఎందుకు పంపినారు?"

"అది... డ్రైవరన్నా, గుంతలు చూసి పోనీ!"

"ఆయన బాగానే తోలుతున్నాడు. నువ్వు చెప్పు."

"వాత పుండు ఆరాలంట. సరిగ్గా సూది దిగాల్సిన చోటే చీము పట్టింది. ఇప్పుడు సూది ఏస్తే ఆ చీము ఎముకలోకి పోతదంట."

"ఓసినీ..."

"కడ్డీ కాల్చి పెట్టింది నేనే నాయనా. ఈ చేత్తోనే."

"పెట్టమన్నది నేను. కుంటే గొర్రెకు వాత పెడితే లేచి నడుస్తది గదా, నాదీ నడుం నొప్పే గదా అనుకున్నా. లోపలున్నది కేన్సరని నాకేం తెలుసు."

"కేన్సరని ఎవరన్నారు?"

"బస్సులో మీ మేనత్తకు ఫోన్ చేసి ఏడ్చినావే, ఊపిరితిత్తుల్లో పుట్టి ఎన్నుపూసకు పాకిందని. కండ్లు మూసుకున్నా గానీ నిద్రపోలేదు."

"నాయనా..."

"పుండు ఆరేదానికి ఎన్నాళ్ళు?"

"నెల పైనే."

"నాకు నెల ఉందన్నాడా?"

"మొకాన ఎండ పడతాందా? ఉండు, కొంగు అడ్డం పెడతా."

"సుజాతా."

"అనలేదు."

"ఊ."

"ఇంకో ఆస్పత్రిలో చూపిద్దాం. రేపే..."

"వద్దు. పది దినాలు దొడ్లో కూచోగలిగితే చాలనుకున్నా. నేను పక్కనుంటే మందకు నీ పిలుపు అలవాటవుతదని."

"మంద సంగతి ఇప్పుడెందుకు?"

"నా తర్వాత నీకూ నీ పిల్లలకూ కూడు పెట్టేది అదే. మొన్న గొంతు పోయేదాకా పిలిచినావు. ఒక్కటన్నా వచ్చిందా?"

"రాలేదు. నువ్వు మంచంలోంచి ఒక్క కేక ఏసినావు, అన్నీ నీ దగ్గరికి ఉరికినాయి."

"అదే నేను చెప్పేది. నా గొంతు ఇనపడినన్నాళ్ళూ అవి నీ మాట ఇనవు. పక్కన కూచోని అలవాటు చేసే దారి పోయింది గాబట్టి, ఇల్లు చేరినంక నేనింక నోరు తెరవను."

"అంటే? నాతో గూడానా?"

"దొడ్డి పక్కనే గదా మంచం, ఎంత మెల్లగా మాట్లాడినా ఇంటాయి. నన్ను అడగాల్సింది ఏమన్నా ఉంటే, ఆటో దిగేలోపు అడుగు పాపా."