వియ్యంకుడిగారి గట్టి స్ప్రింగులు

మా వియ్యంకుడు వెంకట్రాజుగారు మా వీధరుగు మీద కూర్చుని, కండువాతో మొహం తుడుచుకుని, "అంటే అన్నానంటారు గానండీ" అని మొదలుపెట్టారంటే ఇంక ఆ పూటకి మా ఇంట్లో పనులు ఎక్కడివక్కడ ఆగిపోవలసిందే. పొయ్యి మీద పాలు పొంగుతున్నా ఎవరూ లేవరు.

ఆ వేళ ఆయన ముదినేపల్లి నుంచి మా తాడేపల్లిగూడెం వచ్చింది కూతురు కోసం. మా మనవడి భార్య అలేఖ్య వాళ్ళమ్మాయే. తొమ్మిదో నెల, తొలి కాన్పు, పుట్టింటికి తీసుకువెళ్ళాలి. ఒక్క కుదుపు కూడా తగలకూడదని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. అందుకని మా కోడలు కనకరత్నం ముందే ఒక కొత్త టాక్సీ మాట్లాడేసింది. ఎందుకంటే వెంకట్రాజుగారి కారు పాతది. జర్మనీ కారు, లోపల ఎర్రతోలు సీట్లు, ఎవరో పెద్ద డాక్టరుగారు ఎక్కి తిరిగి అమ్మేసినదట. ఇరవై ఏళ్ళు దాటాయి దానికి. అది మా గుమ్మం ముందే నిలబడి ఉంది. ఎందుకో ఈసారి నాకు కాస్త ఎత్తు పెరిగినట్టు కనిపించింది. కార్లు కూడా ఎదుగుతాయి కాబోలు అనుకున్నాను.

"టాక్సీ వద్దని చెప్పెయ్యండి చెల్లెమ్మా," అన్నారాయన కూర్చోగానే. "నా కూతురు అద్దెకారులోంచి మా గుమ్మంలో దిగిందంటే నేను ఊళ్ళో తలెత్తుకోగలనా? నా పిల్ల నా కారులోనే వస్తుంది. ఎవరొచ్చి చెప్పినా సరే!"

"డాక్టరమ్మ మాట ఎలా కాదంటానండీ అన్నయ్యగారూ?" అంది కనకరత్నం. "పోయిన దీపావళికి మీ కారెక్కితే ఏలూరు చేరేసరికి నా చెవిదిద్దు సీల ఊడి ఎక్కడో పడిపోయింది. చెవి ఉన్నందుకే సంతోషించాను."

"అంటే అన్నానంటారు గానండీ, అది పాత సంగతి. అప్పుడు కారు వెనకాల కుంగిపోయి ఉండేది, ఒప్పుకుంటాను, చూడిగేదె పడుకున్నట్టుండేది. స్ప్రింగులు అలిసిపోయాయండీ, షాకబ్జర్లలో నూనె కారిపోయింది, గొయ్యి వస్తే కారు కంటే ముందు మన వెన్నుపూసకి తెలిసేది. మరి నా కూతురికి నెలలు నిండుతుంటే నేను చూస్తూ ఊరుకుంటానా? ఏలూరులో నెల్సన్ షెడ్డుకి తోలుకెళ్ళాను. నాలుగు మూలలా కొత్త స్ప్రింగులు, కొత్త షాకబ్జర్లు. నెల్సన్ ఏమన్నాడూ, 'రాజుగారూ, ఈ కారుకి మెత్తటివి వస్తాయండీ, అవే వేద్దాం' అన్నాడు. మెత్తటివా! ఇదేమన్నా దూదిపరుపా? నాగలి మెత్తగా ఉంటే దున్నుతుందా, దూలం మెత్తగా ఉంటే ఇల్లు నిలబడుతుందా? 'నీ దగ్గరున్న వాటిల్లోకెల్లా గట్టివి వెయ్యి' అన్నాను. వాడు వద్దంటాడు, నేను వెయ్యమంటాను. ఆఖరికి వేశాడు. అంత గట్టి స్ప్రింగు వాడి పనిముట్టుకి లొంగితేనా! నేనే పంచె ఎగ్గట్టి, స్ప్రింగుని ఇలా అదిమి పట్టుకుంటే అప్పుడు బోల్టు బిగించాడు."

"ఒట్టి చేతులతోనే అదిమారా బావగారూ?" అన్నాడు మా అబ్బాయి ప్రసాదరావు. వాడిది ఇక్కడి మార్కెట్టులో ఉల్లిపాయల కొట్టు.

"చేతులు కాదండీ, చెయ్యి. రెండో చేతిలో టీ గ్లాసు ఉంది కదా!"

ప్రసాదరావు దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? షెడ్డులోంచి బయటపడి ఇంటికి వస్తున్నాను. దారిలో ఒక స్పీడుబ్రేకరు ఉందండీ, రాక్షసి, బస్సులో నిద్రపోయేవాళ్ళని టాపుకి కొట్టి మరీ లేపుతుంది. అదెంతకీ రాదే! రెండు మైళ్ళు పోయాక అనుమానం వచ్చి కారాపి, వెనక్కి నడిచెళ్ళి చూశాను. ఉందండీ పాపం, అక్కడే ఉంది. నేను దాని మీదుగా వచ్చినట్టు నాకూ తెలీదు, దానికీ తెలీదు."

నాకు ఆ స్పీడుబ్రేకరు మీద జాలేసింది. ఎంత చిన్నబుచ్చుకుందో అనుకున్నాను.

"అది ఊళ్ళో రోడ్డండీ," అంది కనకరత్నం, పట్టు వదలకుండా. "కొల్లేటి రోడ్డు మాట చెప్పండి. చేపల లారీలు నీళ్ళు కార్చుకుంటూ పోయి పోయి రోడ్డంతా గోతులే. అలేఖ్యని తీసుకెళ్ళాల్సింది ఆ దారినే."

"అక్కడికే వస్తున్నాను చెల్లెమ్మా! ఇవాళ పొద్దున ఆ దారినే కదా వచ్చాను. కైకలూరు దాటాక ఒక గొయ్యి ఉంది, గొయ్యి అంటే మీరనుకునే గొయ్యి కాదు, అందులో ఒక చేపల లారీ దిగిపోయి ఉంది. పైకి ఏమీ కనపడట్లేదు, డ్రైవరు చెయ్యి బయట పెట్టి 'పక్కనుంచి పొండి' అని ఊపుతుంటే ఆ చెయ్యి మాత్రం కనపడుతోంది. నేను పక్కనుంచి వెళ్తానా? గట్టి స్ప్రింగులు వేయించుకున్నది పక్కనుంచి వెళ్ళడానికా? తిన్నగా పోనిచ్చాను. చక్రాలు గోతిలోకి దిగాయి, స్ప్రింగులు సాగాయి, సాగాయి, సాగాయి, కారు మాత్రం పైన అలాగే, దారం మీద గాలిపటంలా తిన్నగా పోతోంది. చక్రాలు అడుగు దాకా వెళ్ళి, లారీవాడిని పలకరించి, అవతల గట్టున పైకొచ్చి మళ్ళీ కారుకి అతుక్కున్నాయి. వస్తూ వస్తూ ఒక కొర్రమీను కూడా పట్టుకొచ్చాయి."

"ఆ చేప ఏదీ?" అన్నాడు ప్రసాదరావు.

"కడుపుతో ఉన్న పిల్ల దగ్గరికి వస్తూ జీవహింస ఎందుకని వదిలేశానండీ."

ఆయన మంచితనానికి నేను నమస్కారం పెట్టబోయాను. మా కోడలు నా వంక ఒక చూపు చూసింది. చెయ్యి దించేశాను.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా అత్తయ్యగారూ?" అని ఆయన నా వైపు తిరిగారు. నేను ముందుకు జరిగాను. "కొల్లేటి మధ్యలోకి వచ్చేసరికి ఒక గూడబాతు ఎగురుకుంటూ వచ్చి కారు టాపు మీద వాలింది. ఎనభైలో పోతున్నాను. దానికి కదులుతున్నట్టే తెలీలేదు! ఇదేదో మెరకలే అనుకుని పుల్లలు తెచ్చి గూడు కట్టింది, గుడ్డు పెట్టింది. గట్టిగా హారను కొడితే పాపం తగులుతుందని నేను ఏలూరు దాకా హారను ముట్టుకుంటే ఒట్టు. ఏలూరు పొలిమేరకి గుడ్డు పగిలి పిల్ల బయటికొచ్చింది. తల్లి దాన్ని తీసుకెళ్తూ అద్దంలోంచి నాకేసి చూసింది చూడండీ, ఆ చూపు! నా కూతురి కాన్పు కూడా అంత సుళువుగా జరుగుతుందని అప్పుడే అనుకున్నాను."

ఆ ఒక్క మాట అంటూ ఆయన లోపలి గుమ్మంకేసి చూశారు. వెంటనే ఒక దగ్గు దగ్గి సర్దుకున్నారు.

"ఇంతకీ గేటు సంగతి చెప్పలేదు కదూ! ఏలూరులో రైలుగేటు పడింది. గూడ్సు బండి, కదలదు, మెదలదు. ఇక్కడేమో వర్జ్యం రాకముందే పిల్లని బయలుదేరదియ్యాలి. ఏం చెయ్యను? బ్రేకు మీద నుంచుని కారుని ఒక్క అదుము అదిమాను. నాలుగు స్ప్రింగులూ నేలకి కరుచుకున్నాయి. బ్రేకు వదిలాను. అంతే! కారు గూడ్సు బండి మీదుగా లేచింది. పైనుంచి చూస్తే ఇటు కొల్లేరంతా పళ్ళెంలా, అటు మీ గూడెం, ఇదిగో ఈ అరుగు మీద అత్తయ్యగారు తమలపాకు చిదుముకుంటూ..."

"నేను కనిపించానా!" అన్నాను.

"నవ్వుతూ కనిపించారండీ."

"ఆగండాగండి," అంది కనకరత్నం. "అంత ఎత్తు ఎగిరితే అంత ఎత్తునుంచీ కింద పడాలిగా? మరి కుదుపు?"

వెంకట్రాజుగారు దీనికోసమే ఎదురు చూస్తున్నట్టు కండువా దులిపారు. "అక్కడే ఉంది కిటుకు చెల్లెమ్మా! ఎగరడం స్ప్రింగు పని, దిగడం షాకబ్జరు పని. ఎవరి ఉద్యోగం వాళ్ళది. తామరాకు మీద నీటిబొట్టు దిగినట్టు దిగింది. దిగినట్టు నాకు గేటువాడు చెబితే తెలిసింది. ఇంకా అనుమానమా? ఇలాంటి కారు ఉండగా నా పిల్ల టాక్సీలో ఎక్కుతుందా? ఎక్కనివ్వను! డాక్టరమ్మనే ఎక్కించండి, గుండెకాయ మీద గొట్టం పెట్టి చూసుకోమనండి, నా కారు కుదిపిందని అంటే నేను మీసం తీయించుకుంటాను!"

కనకరత్నం లేచి లోపలికి వెళ్ళింది. వంటింట్లో ఏదో మూత తీసిన చప్పుడయింది. తిరిగొచ్చేటప్పుడు ఆమె చేతిలో, పొద్దున ఆయన కారులోంచి దింపిన స్టీలు డబ్బా ఉంది.

"అన్నయ్యగారూ, వదినగారు ఫోను చేసి, సున్నుండలు చేసి పంపాను, అందరికీ పంచమని చెప్పారండీ."

"అవునండీ, నేతితో చేసింది. పంచండి, పంచండి."

ఆమె డబ్బా ఆయన ముందు పెట్టి మూత తీసింది. అందరం వంగి చూశాం. లోపల ఒక్క ఉండ కూడా లేదు. డబ్బా నిండా పిండి. చదునుగా, ఇసుక పరిచినట్టు.

"పుట్టబోయే పాపాయికి నలుగు పెట్టడానికి ఇప్పటినుంచే సున్నిపిండి తెచ్చారేమిటండీ?" అంది మా కోడలు, ఎంతో మర్యాదగా.

ప్రసాదరావు ఇంక ఆపుకోలేక గోడకేసి తిరిగి నవ్వాడు. వెంకట్రాజుగారు డబ్బాలోకి చూశారు. కారుకేసి చూశారు. మళ్ళీ డబ్బాలోకి చూశారు. ఆ తర్వాత నిటారుగా కూర్చున్నారు.

"అత్తయ్యగారికి పళ్ళు లేవు కదండీ! ఉండ కొరకడం కష్టమని నేనే పొడి చేయించి తెచ్చాను."

నాకు ముందు పళ్ళు ఇంకా గట్టిగానే ఉన్నాయి. కానీ ఆయన నా మొహం వైపు చూసిన తీరుకి నేను పెదాలు మూసుకుని, గుప్పెడు పిండి తీసుకుని నోట్లో వేసుకున్నాను. రుచి మాత్రం బాగుంది.

"బావగారూ," అన్నాడు ప్రసాదరావు, నవ్వు తుడుచుకుని. "వచ్చేటప్పుడు కారులో ఇంకెవరున్నారు?"

"నేనొక్కణ్ణే. ఏం?"

"అదీ సంగతి. మా ఉల్లిపాయల లారీలు చూడండి. లోడు దింపి ఖాళీగా వెళ్ళేటప్పుడు డ్రైవరు నడుములు విరుగుతాయి. అదే లారీ నిండా బస్తాలుంటే పడవలా పోతుంది. మీరు కారుకి లారీ స్ప్రింగుల్లాంటివి వేయించారు. గట్టివంటే మంచివి అనుకున్నారు. ఖాళీ కారుకి అవి అణగవు, ఎగురుతాయి."

"ఎగిరిందనే కదండీ ఇందాకట్నుంచీ చెబుతున్నాను!" అన్నారు వెంకట్రాజుగారు. ఒక్క అంగుళం తగ్గలేదు.

అప్పుడు గుమ్మంలో అలేఖ్య కనిపించింది. నడుం మీద ఒక చెయ్యి, రెండో చెయ్యి ద్వారబంధం మీద. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో. నెమ్మదిగా వచ్చి నా పక్కన కూర్చుని, ఒక చెంచాతో సున్ని తీసుకుని తింది.

"మావయ్యగారూ, మన కొట్టులోంచి బస్తాలు తెప్పించి డిక్కీలో వేయించండి," అంది. "నేను నాన్న కారులోనే వెళ్తాను."

"ఉల్లిపాయలా!" వెంకట్రాజుగారు లేచి నిలబడ్డారు. "ఎర్రతోలు సీట్ల కారులో ఉల్లిపాయలా! పెద్ద డాక్టరు తిరిగిన కారమ్మా అది! కంపు కొట్టదూ? కుదరదు. ప్రాణం పోయినా కుదరదు."

"సరే నాన్నా. అయితే టాక్సీ."

ఆయన కూతురి మొహం చూశారు, ఆ పొట్ట చూశారు. కండువా ఒక భుజం మీంచి రెండో భుజం మీదకి మార్చుకున్నారు. మెట్లు దిగి వెళ్ళి, తనే స్వయంగా డిక్కీ తెరిచి, కూతురి బట్టల పెట్టె ఒక పక్కకి జరిపి, చోటు చేశారు.

కొట్టు నుంచి బస్తాలు వచ్చాయి. అవి ఎక్కించగానే కారు వెనక భాగం, దూరం నడిచొచ్చిన మనిషి అరుగు మీద కూలబడినట్టు, మెల్లగా దిగింది. కనకరత్నం ముందు తను ఎక్కి, సందు చివరిదాకా వెళ్ళి రమ్మంది. వెళ్ళి వచ్చారు. దిగి, ఫోను తీసి టాక్సీ వద్దని చెప్పేసింది.

అలేఖ్య నా కాళ్ళకి దణ్ణం పెట్టబోతే వంగనివ్వలేదు. వెనక సీట్లో దిండ్లు సర్ది కూర్చోబెట్టాం. కారు కదలబోతుంటే ఎదురింటాయన గేటు దగ్గర నిలబడి, డిక్కీలోంచి తొంగిచూస్తున్న బస్తాల మూతులు చూసి, "ఏవండీ రాజుగారూ, కారుకి మార్కెట్టు లోడు దొరికిందేమిటండీ?" అన్నాడు.

వెంకట్రాజుగారు కిటికీలోంచి తల బయటపెట్టారు.

"లోడేమిటండీ! బారసాలకి ముదినేపల్లి ఊరంతా వచ్చి తింటే పులుసులోకి ఉల్లిపాయలు వద్దూ? కారుకీ వీటికీ ఏమీ సంబంధం లేదు. ఈ స్ప్రింగులకి బరువుతో పనేమిటి, కావాలంటే ఇక్కణ్ణుంచే మీ మేడ మీదుగా దూకించనా?"

అని, కారుని మాత్రం, తల మీద నిండుకుండ పెట్టుకున్నవాడిలా, సందులోంచి అడుగడుగూ చూసుకుంటూ నడుపుకుని వెళ్ళారు.