సుగ్గిలో తప్పిన సూది

రొమ్ము క్యాన్సర్ గడ్డ తీయించుకున్న సునీత, ఆమె భర్త ఆదోని బస్టాండులో కర్నూలు బస్సు కోసం నిలబడ్డారు. క్యాన్సర్ మళ్లీ రాకుండా ముట్టు ఆపడానికి, ఇప్పటిదాకా వేయించుకుంటున్న నెలనెలా సూదేనా, అండాశయాలు తీసేసే ఆపరేషనా అన్నది ఈరోజు డాక్టరమ్మకు చెప్పాలి.

“సూదే అని చెప్పు మే. ఆపరేషన్ చేస్తే ఇంక పిల్లలు పుట్టరు.”

“సుగ్గికి గుంటూరు పోతే ఆడ సూది ఎవరేస్తారు?”

“ఈసారి మిరపకాయలు కోయనీకి నేనొక్కన్నే పోతా.”

“పోయినేడూ అట్లే అంటివి. జతగా వస్తేనే పని అని మేస్త్రీ అంటే నన్నూ లారీ ఎక్కించినావు. రెండు నెలలు సూది తప్పె. మళ్లా ముట్టయినానని నేను భయపడి ఏడుస్తాంటే, నువ్వు లోపల్లోపల సంతోషపడితివి.”

“పాపకు ఒక తోడుండల్ల కదా, సునీతా.”

“ముందు నేనుండల్ల దానికి.”