రైలు గేటుకు అవతల విధవను

"మీ పాపని ఎక్కడ పెట్టి మిల్లుకి వెళ్ళేవారు, పిన్నిగారూ?"

అంతే అడిగాను. మా ఆయన మమ్మల్ని వదిలి వెళ్ళిపోయి పదకొండు రోజులు. సెలవులు అయిపోయాయి. సోమవారం ఆఫీసుకి వెళ్ళకపోతే నా టెంపరరీ ఉద్యోగం ఉండదు. పాపకి మూడేళ్ళు. నేను యానాం నుంచి వచ్చినదాన్ని. కుప్పమ్మగారు మా వెనక వాటాలో ఉంటారు, ఈ ముదలియార్‌పేటలోనే పుట్టి పెరిగిన మనిషి. ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

యాడ పెడతా? నెత్తిన పెట్టుకోని పోతానా? కూర్చో. ఆ పిన్నిగారూ గిన్నిగారూ యానాంలో వదిలిపెట్టి కూర్చో.

నా మొగుడు గోవిందు పోయినప్పుడు సెల్వికి ఏడాదిన్నర. ఎమర్జెన్సీకి రెండేండ్ల ముందర. కాదు, మూడు. ఏదో ఒకటిలే. వాడు దూరంగా పోయుంటే ఒక మర్యాద, మే. కడలూరికి పోయినాడు. అరగంట బస్సు. మెడ్రాసుకు పోయినాడంటే నలుగురికి చెప్పుకునేదానికైనా బాగుండు. అరగంట బస్సెక్కి వేరే కాపురం పెడితే ఏమని చెప్పుకుంటా? మా అత్త కూడా వాడెనకాలే పోయింది. కొత్త కోడలు చేపల పులుసు బాగా పెడతాదంట.

నాది మిల్లులో రీలింగు. నూలు చుట్టే పని. పొద్దన ఏడుకు సంగు, అదే సైరను, ఊదేలోపల లోపలుండాల, లేకుంటే గేటు మూసేస్తారు. నెలకు తొంభై రూపాయలు. మా వీధిలో పిల్లల్ని చూసే ఆయా ఒకామె ఉండె. నలభై అడిగె. నలభై ఇస్తే మేము తినేది ఏంది? సరేలే అని రెండు నెలలు ఇచ్చినా. బిడ్డకని నేను పోసిచ్చే పాలు ఆయమ్మ కాఫీలోకి పోయె. నా బిడ్డ ఎండిపోయె, ఆయమ్మ గుమ్మడికాయ మాదిరి అయ్యె.

అప్పుడెవురో చెప్పినారు, టౌన్లో సిస్టరమ్మల మఠం ఉండాది, ఆడ పనికి పోయేవాళ్ళ బిడ్డల్ని చూస్తారని. తండ్రి చచ్చిన బిడ్డలకు ఊరికే. పాలు, మధ్యాన్నం గంజి, బుధవారం ఒక గుడ్డు. తండ్రి ఉండే బిడ్డలకు నెలకు ఇరవై.

"తండ్రి ఉండీ లేని వాళ్ళకి?" అన్నాను.

దానికి రేటు లేదు తల్లీ. నీకూ లేదు, నాకూ లేదు.

సరే, పోయినా. సిస్టరమ్మ అడిగె, తండ్రి? చచ్చినాడంటి. ఎట్ట? మెదడు జ్వరమంటి. నోటికి అదే వచ్చె. వాడికి మెదడు జ్వరం రావాలంటే ముందర మెదడుండాల గదా! నవ్వాపుకోలేక తల వంచుకుంటే, పాపం ఏడస్తా ఉందనుకోని ఆయమ్మ నాకొక బిస్కెట్టిచ్చె.

అయితే చూడు, మా వీధిలో వాడు బతికే ఉండాల. మొగుడు లేనిదానికి ఇల్లు బాడుగకియ్యరు. నైవేలిలో పనికి పోయినాడని చెప్పి ఉంటి. మిల్లులో ఇంకా బాగా బతికుండాల. మెళ్ళో తాళి, నుదుట బొట్టు కనబడితేనే ఆ మేస్త్రీ చెయ్యి వాడి జేబులో ఉండేది. మఠంలో మాత్రం చావాల. అందుకని రోజూ టౌనుకు పోయే దోవలో రైలు గేటు కాడ వాణ్ణి చంపేదాన్ని. గేటు దాటంగానే కొంగుతో బొట్టు తుడిచి, తాళి రవికెలోకి దోపి, పూలు తీసి సంచిలో వేసి, విధవ. బిడ్డను దింపి మళ్ళా గేటు కాడికొస్తే పునిస్త్రీ. పొద్దన ఒకతూరి, సాయంత్రం ఒకతూరి. మెట్టెలు మాత్రం ఊడలా. కుచ్చిళ్ళు నేలకు దించి, రోడ్డు చిమ్ముతా పోయేదాన్ని.

ఏడాదిన్నర అట్ట జరిగె. నవంబరులో వాళ్ళకు సమాధుల పండగ, చచ్చినోళ్ళకు క్యాండిళ్ళు వెలిగిస్తారు. ఈతూరి బిడ్డల తండ్రులకు మఠంలోనే ప్రార్థన, అందురూ ఫోటో తేవాలని సిస్టరమ్మ చెప్పె. నాకాడ వాడిది ఒకటే ఫోటో, పెండ్లిది. కత్తెర తీసుకోని మధ్యలోకి కోసినా. నా మోచెయ్యి వాడి పక్కనే ఉండిపోయె. మోచేతిని ఎవురు చూస్తారులే అని ఇస్తి.

ఆ పొద్దు మిల్లు వదలంగానే పోయినా. మేజా మీద వరసగా ఫోటోలు, ఒక్కోదానికి చామంతి దండ. చెప్పకూడదు గానీ అందురిలోకి మావాడే బాగుండాడు. చచ్చినాక కళొచ్చె. మేము పదిమంది ఆడోళ్ళు మోకాళ్ళ మీద కూర్చుంటిమి. కండ్లు మూసుకోమనిరి, మూసుకుంటిమి. తలుపు కాడ దగ్గు వినబడె. ఆ దగ్గు నాకు తెలుసు మే. బీడీ దగ్గు.

కండ్లు తెరిస్తే నిలబడుండాడు. కొత్త చొక్కా. కడలూరిదానికి పిల్లలు కాలేదంట, ఆడుండాదని ఎవురో చెప్తే నా బిడ్డను ఎత్తకపోను వచ్చినాడు. వాడు తీసకపోతే బిడ్డ పోతాది. నా అబద్ధం తెలిస్తే బిడ్డ చోటు పోతాది, చోటు పోతే మిల్లు పోతాది. ఏదో ఒకటి పోయేది ఖాయం.

"నేను సెల్వి తండ్రిని. బిడ్డను పంపండి" అనె.

సిస్టరమ్మ మేజా వైపు చెయ్యి చూపె. "సెల్వి తండ్రి ఆడ ఉండాడు."

వాడు చూసినాడు. తన మొగం, తన దండ, తన ముందర క్యాండిలు. నా పక్కనుండే ఆమె వాణ్ణీ ఫోటోనూ చూసి "యేసప్పా!" అని క్యాండిలు జారవిడిచి నా కొంగు కాల్చె.

"అది నేనే!" అని అరిచె వాడు.

సిస్టరమ్మ గొంతు పెంచలా. "అట్టనా? చాలా సంతోషం. అయితే ఆఫీసు రూముకు రండి. తండ్రి ఉండే బిడ్డకు నెలకు ఇరవై. పద్దెనిమిది నెలలది కట్టి, సంతకం పెట్టి, తీసకపోండి."

వాడు ఆలోచించె. ఆలోచించేటప్పుడు వాడి చెవులు కదుల్తాయి, మా అత్తవైపు అందురికీ అంతే. ఫోటో చూసె. జేబు తడుముకొనె. మళ్ళా ఫోటో చూసె.

"నేను... నేను వాడి తమ్ముణ్ణి" అనె.

"అయ్యో పాపం. అన్నకొక క్యాండిలు పెట్టి పోండి. పావలా."

పావలా ఇచ్చినాడు మే! తన క్యాండిలు తానే ముట్టించుకోని, తన ఫోటోకు తానే దండం పెట్టుకోని, కడలూరు బస్సెక్కినాడు. నా బిడ్డ పేరు చెప్పి వాడు పెట్టిన ఖర్చు ఈ నాటికీ ఆ పావలానే.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

తెల్లారి సిస్టరమ్మ ఏమంటాదో అనుకుంటా పోతి. సిస్టరమ్మ ఎప్పటి మాదిరే బిడ్డను ఎత్తుకొనె. ఫోటో నా చేతికిచ్చి, "వచ్చే ఏడు ఆ మోచెయ్యి లేకుండా కత్తిరించి తీసకరా" అనె. సెల్వి బడికి పోయేదాకా సాకినాది ఆయమ్మ. ఆమెను ఒక్క మాట అనను.

అయితే ఒకరోజు... దానికి నాలుగేండ్లప్పుడు. గేటు దాటి నేను కొంగు తియ్యంగానే, అదీ గౌను అంచు ఎత్తి తన బొట్టు తుడుచుకొనె. పొద్దన్నే మొగం కడుక్కున్నట్టు, ఇదీ ఒక పని అనుకొనింది బిడ్డ. నీకొద్దే అంటే, "సిస్టరు కొడతాదా అమ్మా?" అనె. ఎవురూ దాన్ని ఒక దెబ్బ కొట్టినోళ్ళు లేరు. ఆ పొద్దు మిల్లులో నేను పట్టిన పోగు పట్టినట్టే తెగిపోయె. నెలకు ఇరవై ఉండుంటే నేను వాణ్ణి చంపేదాన్నే కాదు గదా.

అందుకే చెప్తా ఉండా, విను. సోమవారం నీ బిడ్డను నాకాడ దింపు. ఊరికే కాదు. ఊరికే చూస్తే నువ్వు నా ముందర తల వంచుకోని తిరుగుతావు. బిడ్డ మోకాలు గీరుకుంటే, ఎట్ట గీరుకొనిందని అడిగేదానికి నీకు నోరు రాదు. నెలకు పదిహేను. ఆలస్యంగా వస్తే తిడతా. బిడ్డ పాలు నేను తాగితే నువ్వు తిట్టు. నీ మొగుడు బతికుండాడా, యాడుండాడా, నాకనవసరం.

"పన్నెండు ఇస్తాను" అన్నాను.

ఆహా, నోరొచ్చె చూడు దీనికి! పదమూడు. దాని కింద ఒక్క పైసా తగ్గను.

ఇట్ట రా, తల కొంచెం వంచు. మావాళ్ళు పసుపూ కుంకం పదికాలాలని దీవిస్తారు, నాకది చేత కాదు. నీ ఉద్యోగం పర్మనెంటు కావాల. నీ పిల్ల కడుపునిండా తిని ఇల్లు పీకి పందిరెయ్యాల. నువ్వు కూడా ఇంత తినాల. ఎన్నింటికి ఆఫీసు, తొమ్మిదికా? ఎనిమిదికే తీసకరా. కొత్తలో ఏడస్తాది. ఏడవనీ. నువ్వు మాత్రం తిరిగి చూడొద్దు, చూస్తే బస్సు పోతాది... నేనూ మొదట్లో తిరిగి చూసినా, రెండుతూర్లు మిల్లు గేటు మూసేసినారు...