చంపకూడని పేరు

మధ్యాహ్నం. కోల్డ్ స్టోరేజీ కంట్రోల్ గదిలో తమ్ముడు, ఊరికి అటు చివర తన ఆఫీసులో అక్క. మధ్యలో ఫోను.

“అయితే రెండు రోజులుగా ఒక్కసారి కూడా ఆగలేదా?”

“ఒక్కసారీ ఆగలేదక్కా. వారం పాటు రోజుకి రెండుసార్లు ఈ కంప్యూటరు దానంతటదే ఆగి, మళ్ళీ మొదలయ్యేది కదా. నువ్వు పంపిన నిఘా ప్రోగ్రాం పెట్టాక బుద్ధిగా ఉంది. అంతా నీ చేతి చలవ.”

“నేను పంపింది మందు కాదురా, థర్మామీటరు. ఎందుకు ఆగుతోందో చెబుతుంది, అంతే. థర్మామీటరు పెడితే జ్వరం తగ్గుతుందా?”

“తగ్గింది మరి. తగ్గినా ఏడుపేనా నీకు?”

“ఎందుకు తగ్గిందో తెలియలేదు కాబట్టి. మీ బావ ఏడీ? ఇందాకట్నుంచి చేస్తున్నా, ఫోను ఎత్తడు.”

“మూడో గదిలోకి వెళ్ళాడు. ఫ్యాను చప్పుడు తేడాగా ఉందట. ఆ గోడల మధ్య సిగ్నల్ ఉండదు, తెలుసుగా.”

“ఒక్కడేనా?”

“ఒక్కడే. వచ్చేస్తాడులే.”

“సరే. నా ప్రోగ్రాంకి ఎంత మెమరీ ఇచ్చావు?”

“నువ్వన్నంతే.”

“నేనెంతన్నాను?”

“అంటే... నువ్వన్నదానికి కాస్త ఎక్కువే ఇచ్చాను.”

“కాస్తంటే?”

“నాలుగింతలు. ఎంత చోటిస్తే అంత బాగా కాపలా కాస్తుందనుకున్నా.”

“ఒరే, ఆ పాత డబ్బాలో ఉన్నదే గుప్పెడు మెమరీ. కాపలా కాసేదే అంతా మింగేస్తే మిగతావాటికి ఏం మిగులుతుంది? కంచే చేను మేసినట్టు.”

“మిగతావన్నీ బాగానే నడుస్తున్నాయిగా. చల్లదనం సరిగ్గా ఉంది, తలుపులు పడుతున్నాయి, లైట్లు...”

“ఆగు. మెమరీ చాలకపోతే కెర్నెల్ ఏం చేస్తుందన్నాను?”

“అబ్బా, పరీక్ష పెడుతున్నావా? కెర్నెల్ అంటే లోపల కూర్చుని అందరికీ చోటు పంచే పెద్ద. చాలకపోతే నడుస్తున్నవాటిలో ఒకదాన్ని చంపి చోటు చేస్తుంది.”

“అందుకే నాదాన్ని చంపొద్దని ఒక చోట పేరు రాయమన్నాను. రాశావా?”

“రాశాను. అదొక్కటీ పొల్లుపోకుండా చేశాను.”

“ఎలా రాశావు?”

“ఎలా ఏంటి? పేరు రాశాను.”

“అక్కడ ముందే ఒక పేరు ఉంటుంది. దాని కింద రాయమన్నాను.”

“కింద రాస్తే తీసుకోలేదక్కా. ఒక్క పేరే పడుతుందట.”

“అయితే?”

“అయితే ఏముంది. నువ్వేమో తొందర, తొందర అన్నావు. బావేమో ఇది ఆగినప్పుడల్లా నా మీద విరుచుకుపడుతున్నాడు...”

“ఉన్న పేరు తీసేశావా?”

“రెండు రోజులకే కదా అని.”

“ఏ పేరు?”

“ఏదో పొట్టి పేరు. గుర్తు లేదు.”

“కాగితం మీద రాసుకోకుండా నువ్వు ఏదీ తీయవు. చదువు.”

“...గ్యాస్ అని మొదలవుతుంది.”

“ఏమన్నావు?”

“గ్యాస్ అని.”

“అది అమ్మోనియా అలారం రా. గదుల్ని చల్లబరిచే ఆ విషవాయువు పైపులోంచి ఎక్కడైనా కారితే గంట కొట్టేది అదే.”

“అలారం ఉందిగా. తెర మీద కనిపిస్తోందిగా. మూడో గది, సున్నా. నాలుగో గది, సున్నా.”

“ఎప్పట్నుంచి సున్నా?”

“నీది పెట్టిన సాయంత్రం నుంచి. అంతకుముందు రెండో మూడో చూపించేది. అదీ బాగుపడిందనుకున్నా.”

“బాగుపడలేదు, చచ్చిపోయింది. ఇన్నాళ్ళూ ఎక్కువ చోటు తినేది అదే, దాన్నేమో చంపకూడదు కాబట్టి, చోటు చాలనప్పుడల్లా కంప్యూటరే ఆగిపోయింది. నువ్వు పేరు తీసేశాక దాన్ని చంపేసి హాయిగా నడుస్తోంది. కొలిచేవాడు లేకపోతే తెర సున్నా వేస్తుంది. నువ్వు చూస్తున్నది కొలత కాదురా.”

“అక్కా...”

“మీ బావ లోపలికి వెళ్ళి ఎంతసేపైంది?”

“పది నిమిషాలు.”

“నిజం చెప్పు.”

“...అరగంట దాటింది.”

“గోడ మీద చేత్తో లాగే అలారం మీట ఉంటుంది, లాగు. ఫైరు వాళ్ళకి ఫోను చెయ్యమని గేటు మనిషికి చెప్పు. నువ్వు మటుకు ఆ తలుపు తీయకు.”

“లాగాను. మోగుతోంది. వినిపిస్తోందా? గేటు మనిషి ఫోను చేస్తున్నాడు.”

“మీ బావ వచ్చాడా?”

“లేదు.”

“చూడు, సరిగ్గా చూడు.”

“చూస్తూనే ఉన్నానక్కా. తలుపు కదలడం లేదు.”

“నాకు భయంగా ఉందిరా. కానీ ఆయనకి తెలియకుండా ఉండదు. ఇరవై ఏళ్ళుగా ఆ పైపుల మధ్యే ఉన్నాడు. రవ్వంత కారినా ముక్కు పసిగట్టేస్తుంది. తెలిస్తే లోపలికి అడుగే పెట్టడు. కదా?”

“తెలిసిందక్కా.”

“ఏం తెలిసింది?”

“తలుపు దగ్గరే కళ్ళు మండుతున్నాయన్నాడు, మాస్కు ఇవ్వమన్నాడు. తెర మీద సున్నా ఉంటే మాస్కెందుకు బావా, అక్క కాపలా పెట్టింది కదా అన్నాను. నవ్వి, అలాగే లోపలికి వెళ్ళాడు.”