బాయిలర్ గోడ పక్కన చెరిపిన గుర్తు

నా పేరు తాళ్లపల్లి వీరేందర్, తండ్రి సోమనర్సయ్య, వయసు 36, నివాసం జనగామ. మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో సరుకు ఏ దారిన కదలాలో కొలిచి నక్షా గీయడం నా వృత్తి. మహబూబాబాద్ శివారులోని ఉప్పుడు బియ్యం మిల్లులో ఊడ్చే పని చేసే సారమ్మ చనిపోయిన విషయమై ఎస్సై గారి ఎదుట చెబుతున్నాను.

ఈ ఏడాది మార్చి 4 నుంచి 6 వరకు ఆ మిల్లులో ఉన్నాను. గేటు దగ్గర దిగిన వడ్లు బియ్యమై గోదాముకు చేరేదాకా వాటి వెంట నడిచాను. మొత్తం దారి 212 మీటర్లు వచ్చింది. దాన్ని తగ్గించడానికే నన్ను పిలిచారు.

ఆరో తేదీ పగలు పన్నెండున్నరకు బాయిలర్ గోడ పక్కన సారమ్మ వడ్లు చెరుగుతోంది. ఆ మిల్లులో నేలపాలైన గింజలు ఊడ్చినవాళ్లవే. అది ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. ఆమె నా కాగితంలోకి తొంగిచూసి, "సారూ, గిండ్ల నేనేడున్న?" అని అడిగింది. నవ్వి, గోడ పక్కన పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టి చూపించాను.

"అట్లయితే బండి గిటు రానియ్యకురి. బాయిలర్ మోతకు నాకేం ఇనవడది" అంది.

సరేనన్నాను. సరేనన్నాను, అది రాయండి.

సాయంత్రం లెక్క చూశాను. ఆమెను తప్పించి దారి తిప్పితే 159 మీటర్లు. ట్రాలీని గోడ పక్కనుంచి వెనక్కి పోనిస్తే 131. ఆమె గింజలు మిల్లు సరుకు కాదు, వాటికి నక్షాలో చోటెందుకు అనుకున్నాను. సున్నాను రబ్బరుతో చెరిపాను. మేనేజర్ భాస్కర్ గారు "కమాల్ చేసినవే అన్నా" అని భుజం తట్టారు. నాకు గర్వంగానే ఉండింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ఏప్రిల్ 19న పగలు 12.40కి డ్రైవర్ జయపాల్, కాటారం మనిషి, బస్తాల ట్రాలీని నా బాణం గుర్తు ప్రకారం వెనక్కి పోనిచ్చాడు. హారన్ కొట్టాడు. ఆమెకు వినబడలేదు. దవాఖాన నాలుగు కిలోమీటర్లు. దారిలోనే ప్రాణం పోయింది. కబురందగానే బయల్దేరి నేను మూడింటికి చేరాను. చాట నేలమీదే ఉంది, సగం చెరిగిన వడ్లతో. గోడ నుంచి చాటకు ఆరడుగులు. కొలిచాను. ఎందుకు కొలిచానో తెలియదు.

తప్పంతా జయపాల్‌దేనని మిల్లువాళ్లు మీకు రాసిచ్చారు. వాళ్లు దానికి జతచేసిన నక్షా కంప్యూటర్‌లో తీసిన కాపీ, అందులో ఆ చోట ఏమీ కనబడదు. నిన్న స్టేషన్ బయట జయపాల్ నా చెయ్యి పట్టుకుని, "అన్నా, నువ్వు గీసినట్టే తోలిన గద?" అన్నాడు. చెయ్యి విడిపించుకుని వెళ్లిపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. నేను గీసినట్టే తోలాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు. అయినా, చేత్తో గీసిన అసలు నక్షాను మీకు అప్పగిస్తున్నాను. వెలుతురుకు పెట్టి చూడండి. పెన్సిల్ గీతను రబ్బరు తీసింది గానీ కాగితం మీద నొక్కును తీయలేదు. సారమ్మ ఎక్కడ కూర్చుంటుందో నాకు ముందే తెలుసు అనడానికి అదే సాక్ష్యం.

రాసింది నాకు చదివి వినిపించారు. అంతా నేను చెప్పినట్టే ఉంది, అంతా నిజమే. "సరేనన్నాను" అన్న మాట రెండుసార్లు ఉంది. ఒకటి కొట్టేయమంటారా అని రైటర్ గారు అడిగారు. వద్దన్నాను.

(సంతకం) తా. వీరేందర్