అమ్మతనపు ఆవు

బికిటా కొండల్లో ఒక ఇంటి ముంగిలి. అత్తగారు గుడిసె గుమ్మంలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. అల్లుడు తవేంగ్వా, అక్కడి ఆచారం ప్రకారం ఆవిడ ముఖంలోకి చూడకుండా, పక్కకు తిరిగి నేలమీద కూర్చుని మర్యాదగా చప్పట్లు తడుతున్నాడు.

“చప్పట్లు ఇక చాలు అల్లుడూ, అరచేతులు కందిపోతాయి. నీ మర్యాద నాకు అందింది. ముందు తిను.”

“తింటాను అత్తమ్మా. దానికంటే ముందు ఒక్క మాట...”

“కోడిని కోశాను. గుడ్లు పెట్టే పెట్ట. నువ్వు తినకపోతే దాని ఉసురు నాకు తగుల్తుంది.”

“మామగారు తిన్నారా?”

“ఆయన సంగతి వదిలెయ్.”

“ఎక్కడున్నారు?”

“ఇంకెక్కడ? దొడ్డి దగ్గర. పొద్దున్నుంచీ గుంజ పట్టుకుని నిలబడ్డాడు. ఏది గుంజో ఏది మనిషో దూరం నుంచి నాకే తెలియడం లేదు.”

“చేనా ఎద్దు ఎప్పుడు పోయింది?”

“నిన్న. తెల్లవారుతుండగా. ముక్కులోంచి నురగ, కళ్ళు తెల్లబడిపోయి. అదే చివరిది. ఆయన దాని తల ఒళ్ళో పెట్టుకుని, ‘లేరా, దున్నాల్సింది ఇంకా చాలా ఉంది, ఇప్పుడు పడుకుంటే ఎలా’ అంటాడు. ఎద్దుతో ఎవరైనా అలా మాట్లాడతారా? నాతో ఒక్కసారి కూడా అంత మెత్తగా మాట్లాడలేదు ఆ మనిషి.”

“పాతిపెట్టారా?”

“ఊళ్ళో మగాళ్ళు వచ్చి గొయ్యి తీశారు. మాంసం ముట్టుకోవద్దన్నాడు పశువుల ఆఫీసరు. పన్నెండు పశువులు అల్లుడూ. ఆయన నాన్న రెండు పెయ్యలతో మొదలుపెట్టిన మంద. పెద్ద కరువులో చుట్టుపక్కల దొడ్లన్నీ ఖాళీ అయిపోతే, మావి తుమ్మకాయలు నమిలి బతికాయి. పొట్టివి, నల్లవి. మేకలకి అన్నల్లా ఉన్నాయని నువ్వే నవ్వావు పెళ్ళినాడు.”

“నవ్వాను.”

“కసాయి లారీవాడు మాత్రం నవ్వలేదు. ‘అమ్మా, చూడ్డానికి ఇంతే గాని కోస్తే అంతా మాంసమే’ అనేవాడు. ఏడాదికి రెండు గిత్తలు వాడికిచ్చి నీ పెళ్ళాం షూవైని చదివించాం. ఈ రేకుల కప్పూ వాటి వీపు మీంచి వచ్చిందే.”

“ఎందుకు పోయాయంటున్నారు మామగారు?”

“చల్లారిపోతోంది, తినమన్నానా.”

“చెప్పండి అత్తమ్మా.”

“తనే చంపానంటున్నాడు. తుంటినొప్పితో రెండు మంగళవారాలు పశువుల్ని పిడుదుల మందుతొట్టిలో ముంచడానికి తోలలేదు కదా. అదే పాట. ‘రెండు మంగళవారాలు పడుకున్నాను, నాన్న మందని తుడిచిపెట్టాను.’ నాలుగు రోజులైంది, నీళ్ళు తప్ప ఏమీ దిగడం లేదు గొంతులోకి. మొన్న వాళ్ళ నాన్న సమాధి దగ్గరికి వెళ్ళి సాయంత్రం దాకా కూర్చున్నాడు. తీసుకురాబోతే, ‘నన్ను ఇక్కడే ఉండనీ, ఎలాగూ తొందర్లోనే రావాలిగా’ అన్నాడు.”

“రెండు మంగళవారాలకి మంద మొత్తం పోదు.”

“నువ్వెప్పుడు డాక్టరువయ్యావు? ఇటుకల బట్టీలో గుమాస్తావి కదా.”

“మా వైపు పశువుల డాక్టరుని అడిగాను. చెవిలో దాక్కునే గోధుమరంగు పిడుదులు మోసుకొస్తాయట ఆ జబ్బుని. జబ్బున్న చోట పుట్టి బతికిన పశువుకి మళ్ళీ ఏమీ కాదట. కానీ ఆ పశువు జబ్బులేని చోటికి వెళ్తే...”

“ఉప్పు సరిపోయిందా?”

“అత్తమ్మా! దొడ్డిలో ఇప్పుడు బతికున్నది ఒక్కటే కదా?”

“ఒక్కటే.”

“నేను తెచ్చిందే కదా?”

“అది నాది. కూతుర్ని కని పెంచినందుకు నాకు దక్కిన ఆవు. నా అమ్మతనపు ఆవు. దాని ఊసు ఎత్తకు. తల్లి ఆవు కాబట్టే పెద్దలు పైనుంచి కాపాడారని ఊరంతా అంటోంది. ఆయన కూడా అంటున్నాడు. ‘పోనీలే, నీదైనా మిగిలింది’ అని. పాలు పితుకుతుంటే వచ్చి దాని వీపు నిమిరాడు.”

“అలా నిమిరారని చెప్పకండి. నేను వినలేను.”

“వినకు. తిను.”

“పెద్దలెవరూ కాపాడలేదు అత్తమ్మా. మా ఊళ్ళో అప్పటికే జబ్బుంది. పశువుల్ని పొలిమేర దాటించొద్దని ఆపేశారు. అనుమతి చీటీ ఇవ్వలేదు. లారీలో తెచ్చానని చెప్పాను మీకు. అబద్ధం. దారి కాపలా వాళ్ళని తప్పించుకుని, దేవూరే ఏట్లో దిగి, మూడు రోజులు నడిపించుకొచ్చాను.”

“ఎందుకు తెచ్చావని నేను అడిగానా ఇప్పుడు?”

“అడగకపోయినా చెప్తాను. ఓలి పశువులన్నీ మామగారికి ఇచ్చేశాను, మీ ఆవొక్కటే మిగిలిపోయింది. తొమ్మిదేళ్ళు. ఈ మధ్యలో ఇద్దరు బిడ్డలు పుట్టి, ఊపిరి తీయకుండానే... మీరూ వచ్చారుగా, రెండోసారి. మా అత్తలందరూ ఒకటే మాట, షూవై తల్లికి ఆవు చేరనిదే షూవైకి బిడ్డ నిలవదని. చదువుకున్నవాణ్ణి, నవ్వేశాను. మూడోసారి ఎనిమిదో నెల వచ్చేసరికి నవ్వు రాలేదు. చీటీ దొరికేదాకా ఆగితే ఆవుకంటే ముందు పురుడొస్తుందనిపించింది.”

“నిలిచింది కదా బిడ్డ.”

“నిలిచింది. నాలుగు రోజుల కిందట బోర్లా పడింది.”

“బోర్లా పడిందా? ఇంతసేపు కూర్చుని ఆ ముక్క చెప్పవేం! ఏ పక్కకి?”

“ఎడమ పక్కకి. పడ్డాక తిరగలేక ఒకటే కేకలు.”

“వాళ్ళమ్మ పోలికే. షూవై కూడా అంతే, పడేది, మనమేదో తోసినట్టు అరిచేది. జుట్టు వచ్చిందా?”

“వచ్చింది. అత్తమ్మా, మాట మార్చకండి.”

“నా మనవరాలి గురించి అడిగితే మాట మార్చడమా?”

“నేను మామగారి దగ్గరికి వెళ్తున్నాను. మీ తప్పు కాదు, నేను తెచ్చిన ఆవే చంపిందని చెప్తాను. కర్ర తీసుకున్నా సరే. షూవైని, పిల్లని తెచ్చేసుకున్నా సరే.”

“కూర్చో.”

“ఆపకండి.”

“కూర్చో అన్నాను. అత్త మాట్లాడుతుంటే లేచి నిలబడే అల్లుణ్ణి ఈ ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు.”

“ఆ మనిషి చచ్చిపోతారు అత్తమ్మా! చెయ్యని తప్పు మోసుకుని చచ్చిపోతారు. మీకది ఫరవాలేదా?”

“ముప్ఫై ఆరేళ్ళ కాపురం నాది. నన్నడుగుతున్నావా ఆ మాట?”

“మరి వెళ్ళనివ్వండి.”

“నువ్వు చెప్తే ఆయన నమ్మడు.”

“ఎందుకు నమ్మరు?”

“ఆ రోజే అనుమానించాడు, ఆ రోజే ఆ అనుమానం తీరిపోయింది కనక. నువ్వటు వెళ్ళగానే అన్నాడు, ‘ఈ ఆవు గిట్టల్లో ఏటి బురద ఉంది, లారీ ఎక్కిన పశువు కాదిది. మూడు వారాలు విడిగా కట్టేద్దాం. చెవుల్లో పిడుదులుంటే మాత్రం తిరిగి పంపెయ్యాల్సిందే’ అని.”

“అయితే... చూశారా?”

“అమ్మతనపు ఆవుని ఇంటి మగాడు పట్టి చూడ్డమేమిటి? ఆడవాళ్ళకి చేరిన ఆవది. ఆయన పొలం గట్టు మీద ఆగిపోయి, ‘నువ్వే చూసి చెప్పు, నీ మాటే నాకు చాలు’ అన్నాడు.”

“మీకు కనపడి ఉండవు. చెవి లోపల, మడతల్లో ఉంటాయవి. సన్నవి కూడాను. మీ తప్పేం లేదు అత్తమ్మా. తెచ్చింది నేను.”

“సన్నవా? ఆముదం గింజల్లా ఉన్నాయి. రెండు చెవుల నిండా.”

“అత్తమ్మా...”

“తిరిగి పంపితే నా బిడ్డ మూడోసారి కూడా ఖాళీ చేతులతో లేస్తుందేమో అనుకున్నాను. చేతికందినన్ని ఏరి బూడిదలో కప్పెట్టాను. ఆయన గట్టు మీంచి కేకేసి, ‘ఏమైనా ఉన్నాయా?’ అన్నాడు. ‘ఒక్కటి కూడా లేదు’ అని, దొడ్డి గడలు నా చేత్తోనే తీసి లోపలికి తోలాను అల్లుడూ.”